రెండు చుక్కల లోపు

రెబెకమ్మ కాచిన టీ తాగి మొహం చిట్లించిన మొదటి మనిషి బస్సు కండక్టరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే ఏడున్నర బస్సు బోడిగుట్టపల్లెలో ఐదు నిమిషాలు ఆగేది ఎక్కేవాళ్ల కోసం కాదు, ఆమె టీ కోసం. పదేళ్లుగా అదే అలవాటు. అలాంటిది ఆ మంగళవారం కండక్టరు ఒక గుటక వేసి, గ్లాసును పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది రెబెకమ్మా, టీ అడిగితే టింక్చరు పోసినావే?"

బస్సులో కిటికీల పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. రెబెకమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తనూ ఒక గ్లాసులో వంచుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆమె ముక్కు మామూలు ముక్కు కాదు. టీ కొట్టు పెట్టకముందు ఇరవైరెండేళ్లు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. కళ్లు మూసుకుని నడిపించినా ఏ వార్డు ముందు నిలబడిందో చెప్పగలిగేది. పాలు విరగబోతుంటే పొయ్యి మీద పెట్టకముందే పసిగట్టేది. ఇప్పుడు ఆ టీలోంచి వచ్చిన ఆవిరి ఆమెను తిన్నగా తీసుకెళ్లి కట్లు కట్టే గదిలో నిలబెట్టింది. డెట్టాలు కాదు, టింక్చరు కాదు. నేల కడిగే నల్లసీసా వాసన. దాని పక్కనే ఇంకేదో ఘాటు.

ఆ మాట పైకి అనలేదు. "పాలల్లో ఏదో తేడా వచ్చినట్టుండాదిలే" అని గ్లాసులన్నీ వెనక్కి తీసుకుని పారబోసింది.

బుధవారం టీ బాగుంది. గురువారం బాగుంది. శుక్రవారం మళ్లీ ఆసుపత్రి.

రెండు వారాలకు ఆ సంగతి ఒక్క టీ కొట్టుదే కాదని తేలింది. మంగళవారం, శుక్రవారం వస్తే ఊళ్లో ఎవరి అన్నంలో చూసినా అదే వాసన. మంగళ, శుక్రవారాలంటే పంచాయతీ ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపే రోజులు. ఆ పౌడరు కలిపే మనిషి వరదయ్య. వరదయ్య రెబెకమ్మ మొగుడు.

ఇక ఊరంతా వరదయ్య మీద పడింది. గంపలకొద్దీ పౌడరు పోస్తున్నాడని ఒకరు, కళ్లు కనపడక చెంచాకు బదులు చేటతో కొలుస్తున్నాడని ఒకరు. సర్పంచి సుధారాణి పిలిపించి నెమ్మదిగానే చెప్పింది కానీ, చెప్పింది మాత్రం నోటీసు సంగతే.

"పెద్దోడివని ఊరుకుంటా ఉండా వరదయ్యా. ఇంకోసారి కంప్లయింటు వస్తే నోటీసు ఇయ్యాల్సొస్తాది."

వరదయ్య ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఆయనకు పొడుం అలవాటు. నలభై ఏళ్లుగా పీల్చిన పొడుం వల్ల ముక్కు ఊపిరి తీసుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

"నేను ఎప్పుడూ ఏసినంతే ఏస్తా ఉండా రెబెకా. నిజం చెప్పు, నీళ్లు అంత కంపు కొడతా ఉండాయా?"

"కొడతా ఉండాయి."

"నాకేం తెలీడంలేదే."

"నీకు తెలిస్తే ఈపాటికి మనం ఊరొదిలి పోయుంటాం" అంది రెబెకమ్మ. ఆ తర్వాత మొగుడి మొహం చూసి మెత్తబడింది. "నువ్వు తప్పు చేసుండవు. బ్లీచింగు కంపు నాకు తెలీదా? ఇది అది కాదు. దీంట్లో ఇంకోటి కలిసుండాది."

మర్నాడు గురువారం. ట్యాంకులో పౌడరు కలపకముందే ఆమె పంచాయతీ బోరు నీళ్లు ఒక బిందె పట్టింది. చర్చి ఆవరణలో మిషన్ వాళ్లు ఎప్పుడో వేయించిన చేతిపంపు ఒకటుంది. దాని నీళ్లు ఇంకో బిందె తెచ్చింది. శుక్రవారం పొద్దున కొట్టు బల్ల మీద నాలుగు గాజు గ్లాసులు వరసగా పెట్టింది. రెండింటిలో బోరు నీళ్లు, రెండింటిలో చేతిపంపు నీళ్లు. బోరు నీళ్ల గ్లాసు ఒకదాంట్లో, పంపు నీళ్ల గ్లాసు ఒకదాంట్లో చిటికెడు బ్లీచింగు వేసి కలిపింది.

ఏడున్నర బస్సు వచ్చింది. కండక్టరు దిగాడు.

"ఈరోజు టీ లేదు. వాసన చూసి చెప్పు" అంది.

"టికెట్టు కొట్టే వాడికి ఇదేం ఉద్యోగం రెబెకమ్మా?" అంటూనే ఆయన వంగి ఒక్కొక్క గ్లాసు వాసన చూశాడు. బస్సులోంచి ఇద్దరు ముగ్గురు దిగొచ్చి వెనక నిలబడ్డారు. డ్రైవరు హారను కొట్టాడు, ఎవరూ కదల్లేదు. మొదటి గ్లాసు ఏమీ లేదు. రెండోది బ్లీచింగు. మూడోది ఏమీ లేదు. నాలుగో గ్లాసు దగ్గర కండక్టరు తల ఠక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఇదే! ఆ రోజు టీ ఇదే!"

అది బోరు నీళ్లలో బ్లీచింగు కలిపిన గ్లాసు.

రెబెకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఒక్క బోరు నీళ్లకు వాసన లేదు. బ్లీచింగు కలిపిన పంపు నీళ్లకు బ్లీచింగు వాసన తప్ప మరేం లేదు. బోరు నీళ్లూ బ్లీచింగూ కలిస్తేనే నల్లసీసా. అంటే పౌడరుది తప్పు కాదు. బోరు నీళ్లలో దాక్కుని ఉన్నదేదో పౌడరు తగలగానే బయటపడుతోంది.

"మా ఆయనది తప్పు కాదని నువ్వు సాక్షి" అంది కండక్టరుతో.

"నన్ను పంచాయతీకి పిలవొద్దు తల్లీ, బస్సు లేటవుతా ఉండాది" అని ఆయన విజిలు ఊదాడు. "అయినా నాకు చెప్తే ఏం లాభం? ఆత్మకూరులో నీళ్లు టెస్టు చేసే ల్యాబు ఉండాది గదా. సీసాలు తీసుకుని ఎక్కు."

రెబెకమ్మ ఎక్కింది.

ల్యాబులో కరుణశ్రీ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో, తెల్లకోటు, చేతిలో పెన్ను. సీసాలు తీసుకుని మూడు రోజుల తర్వాత రమ్మంది. మూడు రోజులకు వెళితే కాగితం చేతికిచ్చింది.

"పదమూడు టెస్టులు చేశానమ్మా. పదమూడూ పాసే. ఉప్పు, సున్నం, ఫ్లోరైడు అన్నీ లిమిట్లోనే ఉన్నాయి. మీ నీళ్లు బాగున్నాయి."

"బాగుంటే వాసనెందుకొస్తా ఉండాది పాపా?"

"వాసన కూడా చూశాను. ఏమీ లేదు."

"అది బ్లీచింగు ఎయ్యని సీసా" అంది రెబెకమ్మ. పవిట కొంగు ముడి విప్పి, కాగితంలో మడిచి తెచ్చిన పౌడరు తీసింది. "ఇప్పుడు చూడు."

కరుణశ్రీకి ఇష్టం లేదు. ల్యాబులో బయటివాళ్లు పౌడర్లు కలపకూడదని చెప్పబోయింది. చెప్పేలోపే చిటికెడు పడిపోయింది. సీసా మూతపెట్టి కాసేపు ఊపి, కొంతసేపు ఆగి, తెరిచి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టింది రెబెకమ్మ.

కరుణశ్రీ కళ్లు పెద్దవయ్యాయి. పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, మీరేం చదువుకున్నారు?"

"అయిదో తరగతి."

"ఇది ఫినాలులా ఉంది" అంది కరుణశ్రీ. "ఫినాలు ఊరికే ఉంటే, ఇంత కొంచెంలో వాసన తెలీదు. బ్లీచింగులోని క్లోరిన్ తగిలితే ఇంకో మందుగా మారి ఇట్లా కొడుతుంది. మా దగ్గర చేసే పదమూడు టెస్టుల్లో ఇది లేదు. పెద్ద ల్యాబుకు పంపాలి. మీ ఊళ్లో ఫ్యాక్టరీ ఏదైనా ఉందా? ప్లైవుడ్డుకు వేసే బంక, రంగులు, అట్లాంటివి?"

"మా ఊళ్లో ఫ్యాక్టరీనా? రైసుమిల్లు కూడా లేదు."

ఆ మాట అని బస్సెక్కింది కానీ, కలిగిరి వైపు తిరిగే మలుపు దగ్గర ఎదురుగా ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దాని మీద మిద్దె ఎత్తున నీలం డ్రమ్ములు. రెబెకమ్మ కిటికీలోంచి తల తిప్పి ఆటో కనపడనంత దూరం పోయేదాకా చూసింది.

డ్రమ్ముల పెంచలప్రసాద్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఊళ్లో పెద్ద రైతు కుటుంబం, నవ్వు మొహం, గట్టి గొంతు. ఎక్కడో పట్నం ఫ్యాక్టరీలు వాడి పారేసిన ప్లాస్టిక్ డ్రమ్ములు లారీలో తెప్పించి, కడిగి, నీళ్లు నిలవ చేసుకోవడానికి అమ్ముతాడు. వారానికి రెండుసార్లు నీళ్లొచ్చే ఊళ్లలో ఆయన డ్రమ్ము లేని ఇల్లుండదు. డ్రమ్ములు కడిగే షెడ్డు ఊరి పైన గుట్ట వాలులో ఉంది. పంచాయతీ బోరు దాని కిందే.

రెబెకమ్మ డ్రమ్ము బేరానికి వచ్చినట్టు షెడ్డుకు వెళ్లింది.

"రా రెబెకమ్మక్కా! ఎంత సైజు కావాల?" అని ఎదురొచ్చాడు పెంచలప్రసాద్. "వాసన చూసుకో. నిమ్మకాయ సబ్బుతో కడిగిస్తా ఉండా. నా డ్రమ్ములో నీళ్లు తాగితే మజ్జిగ తాగినంత చల్లదనం."

రెబెకమ్మ ఒక డ్రమ్ములో తల దూర్చింది. పైన నిమ్మకాయ. నిమ్మకాయ కింద నల్లసీసా. తల బయటికి తీసి చూస్తే డ్రమ్ము పక్కన గీకేసిన లేబులు ఉంది. గీకుడులో మిగిలిపోయిన పుర్రె బొమ్మ సగం, ఒంటి కన్నుతో ఆమెనే చూస్తోంది.

"ఇదేంది ప్రసాదయ్యా, ఈ బొమ్మ?"

"అది కంపెనీ మార్కు."

"కడిగిన నీళ్లు యాడికి పోతాయి?"

"యాడికో పోతాయి. నీళ్లకు దారి మనం చెప్పాల్నా?" అన్నాడు నవ్వుతూ. డ్రమ్ముల మధ్యనుంచి ఒక సన్నటి కాలువ పారి, షెడ్డు వెనక ఎండిపోయిన పాత బోరు గుంతలో పడుతోంది. రెబెకమ్మ ఆ కాలువనూ, కింద పంచాయతీ మోటారు గదినీ చూసింది. డ్రమ్ము కొనకుండానే దిగొచ్చింది.

పది రోజులకు పెద్ద ల్యాబు కాగితం వచ్చింది. సుధారాణి పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, ఫోనులో కరుణశ్రీని పలకరించి స్పీకరు పెట్టింది. వరదయ్య మూల స్టూలు మీద కూర్చున్నాడు. పెంచలప్రసాద్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఫినాలు ఉందమ్మా" అంది ఫోనులో కరుణశ్రీ. "లీటరుకు సున్నా పాయింటు సున్నా సున్నా ఒకటి ఎనిమిది మిల్లీగ్రాములు."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "అంటే ఎంత పాపా? మాకు తెలిసేటట్టు చెప్పు" అంది రెబెకమ్మ.

"మీ ట్యాంకు ఎన్ని లీటర్లు?"

"యాభై వేలు" అన్నాడు వరదయ్య. ఆ సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు?

"ఆ ట్యాంకు నిండా నీళ్లలో ఒక్క చుక్క ఫినాలు ఉండొచ్చు. అది లిమిటు. మీ నీళ్లలో రెండు చుక్కలకు కొంచెం తక్కువగా ఉంది."

"ట్యాంకంతటికీ ఒక్క చుక్కేనా!" అన్నాడు వరదయ్య గుండె మీద చెయ్యి వేసుకుని.

పెంచలప్రసాద్ లేచి సుధారాణి చేతిలో కాగితం తీసుకున్నాడు. ఆయన ఇంటరు చదివాడు. వేలు పెట్టి చదివి, మొహం వెలిగించుకున్నాడు.

"మేడమ్, ఈడ రెండు గళ్లు ఉండాయి. ఒక గడిలో ఒకటి, పక్క గడిలో రెండు. రెండో గడి కూడా లిమిటేనా, కాదా?"

"అవునండీ, కానీ..."

"మనది రెండు లోపలే గదా. పాసు! ఇంకేంది రచ్చ? రోడ్డు మీద అరవై అని బోర్డు పెట్టుంటే యాభైఅయిదులో పోయే బండికి ఫైను ఏస్తారా?"

"రోడ్డు మీద పోతే మంచిదే ప్రసాదయ్యా" అంది రెబెకమ్మ. "నీ బండి నా టీలో ఎందుకు పోతా ఉండాది?"

గదంతా నవ్వింది. పెంచలప్రసాద్ కూడా నవ్వాడు. ఆయనలో ఉన్న మంచిగుణం అది. కానీ వెనక్కి తగ్గలేదు. ఫోనులో కరుణశ్రీ గొంతు పెంచింది.

"రెండో గడి పైన చిన్న అక్షరాలు చదవండి సార్. వేరే నీళ్లు ఎక్కడా దొరకనప్పుడు మాత్రమే ఆ లిమిటు. మంచి నీళ్లు దొరికే చోట మొదటి గడే లెక్క. ఇప్పటికిప్పుడు ఎవరికీ ఏమీ కాదు, భయపడకండి. కానీ లిమిటు అంటే అక్కడిదాకా పోవచ్చని కాదు. ఈ నెల రెండు చుక్కలంటే వచ్చే నెల ఎన్నో ఎవరు చెప్పగలరు? ఎక్కడినుంచి వస్తోందో చూసి ఆపాలి."

"చర్చి చేతిపంపులో మంచి నీళ్లుండాయి" అంది రెబెకమ్మ.

"అది చర్చిది. పంచాయతీది కాదు. అంటే మనకు వేరే నీళ్లు లేనట్టే" అన్నాడు పెంచలప్రసాద్. "ఇంక నా డ్రమ్ముల మాటంటారా, అవి సబ్బునూనె డ్రమ్ములు. రుజువుంటే చూపించండి."

సుధారాణి ఇద్దరి మొహాలూ చూసింది. పెంచలప్రసాద్ ఆమె ఎలక్షన్లో దగ్గరుండి పనిచేసినవాడు. "వచ్చే శుక్రవారం వాళ్ల పాప అశ్విత ఓణీల ఫంక్షను. అది కానియ్యండి. తర్వాత ఆఫీసర్లను పిలిపిస్తా" అని సభ ముగించింది. వరదయ్యను మాత్రం ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఇంటికొచ్చేదాకా రెబెకమ్మ పక్కనే నడిచి, ఇంటి ముందు ఆగి, "ఒకటి కాదంట, రెండు కాదంట, రెండుకు తక్కువంట. నీ ముక్కు మిషను కంటే గట్టిదే" అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన మెచ్చుకున్న సందర్భాలు చాలా తక్కువ. ఆమె విననట్టే లోపలికి పోయింది.

ఫంక్షనుకు నాలుగొందల మంది. కాఫీ టీల పని రెబెకమ్మకే ఇచ్చాడు పెంచలప్రసాద్. గొడవ గొడవే, కాఫీ కాఫీయే. ముందురోజు ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. భార్య చెంచులక్ష్మి పూలమాలలు లెక్కపెడుతోంది.

"ప్రసాదయ్యా, రేపు శుక్రవారం. పంపు నీళ్లు తెప్పించుకుంటే మంచిది. కాఫీకి నేను మోసుకొస్తాలే, వంటోళ్లకు కూడా నువ్వు చెప్పు."

"చూడు రెబెకమ్మక్కా" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "నా ఇంటి ఫంక్షనుకు నేనే వేరే నీళ్లు తెప్పిస్తే, ఊరి నీళ్లలో ఏదో ఉండాదని నేనే ఒప్పుకున్నట్టు. కాఫీ కానీ, బిర్యానీ కానీ, ఊరి ట్యాంకు నీళ్లే. లిమిట్లో ఉండాయి గదా!"

"మా ఆయన్ను పౌడరు అయినా ఆపమనేదా?"

"ఆపేదేంది? నాలుగొందల మంది వస్తా ఉండారు. ఒక్కరికి కడుపునొప్పొచ్చినా నా పరువేం కావాల? రెండు చెంచాలు ఎక్కువే ఎయ్యమను!"

రెబెకమ్మ ఇంటికి నడుస్తూ చాలాసేపు ఆలోచించింది. చెప్పకుండా కాఫీకి పంపు నీళ్లు వాడేయొచ్చు. అప్పుడు కాఫీ బాగుంటుంది, పేరు తనకొస్తుంది. కానీ అడిగినవాడు వద్దన్నాడు. సరే, అతని కాఫీ అతని ఇష్టం. పిల్లల మాట మాత్రం వేరు. తెల్లవారాక నాలుగు క్యాన్ల పంపు నీళ్లు పట్టించి, "పిలకాయలకు" అని సున్నంతో రాసి, కొట్టు సామానుతో పాటు ఫంక్షను పందిరి వెనక పెట్టింది. పసిపిల్లల పాలకూ, తాగే నీళ్లకూ అవే వాడమని తల్లులందరికీ చెప్పింది. వరదయ్య, పెంచలప్రసాద్ చెప్పినట్టే రెండు చెంచాలు ఎక్కువ వేసి, చేతులు కడుక్కుని, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

పదకొండు గంటలకు వంటల మూతలు తీశారు.

మొదట తల తిప్పింది పెంచలప్రసాద్ మేనత్త ఓబమ్మ. సోమశిల నుంచి వచ్చింది, ఎనభై ఏళ్లు. పందిట్లో మంచి కుర్చీలో కూర్చుని గట్టిగా అడిగింది:

"ఎవురికిరా బాగలేదు? ఏ ఆసుపత్రిలో ఉండారు?"

"అందరూ బాగుండారు అత్తా!"

"మరి నన్ను యాడికి తీసుకొచ్చినారు?"

ఆ తర్వాత ఎవరూ అడగాల్సిన పని లేకుండా పోయింది. బిర్యానీ మూత తీస్తే ఆపరేషను గది. రసం గరిటెతో కలిపితే కట్లు మార్చే గది. సోమశిల చేపల పులుసు సంగతి చెప్పకపోవడమే మంచిది, దాని ముందు నిలబడిన వంటమనిషి తువ్వాలు ముక్కుకు కట్టుకుని, "అయ్యా, నేను ముప్పై ఏళ్లుగా వండుతా ఉండా. ఇది నా చేతి తప్పు కాదు" అని అందరికీ వినపడేట్టు ప్రకటించాడు. ఆకుల ముందు కూర్చున్న మొదటి బంతి వాళ్లు మర్యాద కోసం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. రెండో ముద్దకు మర్యాద చాల్లేదు. కలిగిరి నుంచి వచ్చిన బావమరిది కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, "బావా, ఇది తాగాల్నా, గాయానికి పూసుకోవాల్నా?" అన్నాడు.

పెంచలప్రసాద్ పట్టుపంచెలో నవ్వుతూనే ఒక్కొక్కరి దగ్గరికీ తిరుగుతున్నాడు. "లిమిట్లోనే ఉండాయి, భయం లేదు, తినండి" అంటున్నాడు. అంటున్నకొద్దీ ఆకుల ముందునుంచి మనుషులు లేస్తున్నారు.

చెంచులక్ష్మి వంటల దగ్గరికి వచ్చింది. గరిటెతో రసం తీసి అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుంది. ఉమ్మేసింది. అంతమంది చుట్టాల ముందు మొగుడి వైపు తిరిగింది.

"ఆ డ్రమ్ములు కడిగిన నీళ్లు యాడికి పోతా ఉండాయి?"

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే. యాడికి?"

పెంచలప్రసాద్ చుట్టూ చూశాడు. సుధారాణి చూస్తోంది. బావమరిది చూస్తున్నాడు. పందిరి మధ్య ఓణీ వేసుకుని కుర్చీలో కూర్చున్న అశ్విత కూడా చూస్తోంది, కళ్లనిండా నీళ్లతో. ఆ పిల్ల మొహం చూశాక ఆయన మొహంలో నవ్వు పోయింది.

"పాత బోరు గుంతలోకి" అన్నాడు.

"దాని కిందనే గదయ్యా ఊరి బోరు!"

రెబెకమ్మకు గెలిచినట్టు అనిపించాలి కానీ, అనిపించలేదు. ఓణీ పిల్ల ఏడుస్తోంది. ఆమె చీర కుచ్చిళ్లు బిగించింది.

"ఏడుపెందుకు పాపా, ఇంకా పదకొండున్నరే. చర్చి పంపు ఉండాది, బియ్యం ఉండాయి, నిమ్మకాయలుండాయి. చిత్రాన్నం, పెరుగన్నం ఒంటిగంటకు పెట్టేస్తాం. బిందెలెత్తే మొగోళ్లెవురు?"

బిందెలు వరసకట్టాయి. చర్చి పంపు దగ్గర మొదట చేతి కర్ర పట్టుకున్నది పెంచలప్రసాద్. పట్టుపంచె ఎగ్గట్టి, కండువా తలకు చుట్టి, అరగంట ఆగకుండా కొట్టాడు. చెమట కారుతుంటే పక్కన నిలబడిన వరదయ్య పొడుం డబ్బీ తీసి ఇవ్వబోయాడు.

"వద్దు వరదయ్యా" అన్నాడు ఆయన రొప్పుతూ. "నీ మీద మాట పడనిచ్చినా. తప్పు నాది."

వరదయ్య డబ్బీ జేబులో పెట్టుకుని, "కొంచెం గట్టిగా కొట్టయ్యా, ధార సన్నగా ఉండాది" అన్నాడు.

ఒంటిగంట కాదు కానీ రెండున్నరకు భోజనాలు పెట్టారు. నాలుగొందల మంది చిత్రాన్నం రెండేసిసార్లు వడ్డించుకున్నారు. ఓబమ్మ మూడోసారి పెరుగన్నం అడిగింది. పిల్లల క్యాన్లలో మిగిలిన నీళ్లతో రెబెకమ్మ కాఫీ కాచింది. బావమరిది రెండు గ్లాసులు తాగాడు; పూసుకోలేదు.

వారం తిరక్కుండా అధికారులు వచ్చారు. షెడ్డు దగ్గర మట్టి తీసుకెళ్లారు, పాత బోరు గుంత మూయించారు, పంచాయతీ బోరు ఆపేయించారు. ఊళ్లో ఇంటింటికీ అమ్మిన పాత డ్రమ్ములను పెంచలప్రసాద్ తనే ఆటో పెట్టి వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాడు. ఇవ్వనంటే చెంచులక్ష్మి ఊరుకునేది కాదన్నది వేరే సంగతి. ఇప్పుడు ఆయన కొత్త డ్రమ్ములు తప్ప అమ్మడం లేదు. చర్చి పెద్దలు పంపుకు మోటారు బిగించుకోనిచ్చారు. అక్కడినుంచి ట్యాంకుకు పైపు వేశారు. కరుణశ్రీ నెలనెలా ఆపేసిన పంచాయతీ బోరు నీళ్లు పట్టించి పెద్ద ల్యాబుకు పంపిస్తోంది. మొదటి నెల ఒక చుక్కన్నర. మూడో నెల ఒక చుక్క కంటే కొంచెం తక్కువ. అయినా ఆ బోరు తెరవొద్దంది. ఆరోసారి కాగితంలో ఏమీ కనపడలేదని వచ్చింది. ఇంకో ఏడాది చూద్దామంది.

ఏడున్నర బస్సు మళ్లీ ఐదు నిమిషాలు ఆగుతోంది. కండక్టరు ఈ కథను ఆత్మకూరు డిపో దాకా మోసుకుపోయాడు. ఆయన చెప్పేటప్పుడు గ్లాసులు నాలుగు కాస్తా పద్నాలుగయ్యాయి. దాంతో ఒక కొత్త గోల మొదలైంది. పొద్దున్నే ఎవరో ఒకరు బస్సు దిగుతారు, సంచీలోంచి సీసా తీస్తారు.

మొన్న కలిగిరి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "ఇదేనా రెబెకమ్మ కొట్టు? మా బోరు నీళ్లమ్మా. వాసన చూసి చెప్పు, మంచియో కాదో."

ఆమె మూత తీసి వాసన చూసింది. ఏమీ లేదు. చిటికెడు పౌడరు వేసి మళ్లీ చూసింది. బ్లీచింగు వాసన, అంతే.

"మంచియేనా?" అన్నాడు రైతు మొహం విప్పారి.

"నా ముక్కుకైతే ఏం తెలియలేదు నాయనా. వాసన రాని విషాలు చాలా ఉండాయంట, ఆ పాప చెప్పింది. వాటికి నా ముక్కు పనికిరాదు." మూత బిగించి సీసా అతని చేతికిచ్చింది. రోడ్డు మీద బస్సు హారను వినపడుతోంది. "టీ తాగి ఇదే బస్సులో ఆత్మకూరు పో. ల్యాబులో కరుణశ్రీ మేడమ్ అని అడుగు. కాగితం ఇస్తే మొదటి గడి చూసుకో. రెండో గడి చూపించి ఎవురన్నా పాసంటే, ఇట్నే తిరిగి నా కాడికి రా."

రైతు టీ తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. కండక్టరు విజిలు ఊదుతున్నా ఆగి, అది కూడా పూర్తిగా తాగి, అప్పుడు పరిగెత్తాడు.